మా అబ్బాయికి 15 ఏళ్లు, ఫాస్ట్ బౌలర్ అవుతానంటున్నాడు. ఆ కెరీర్ ఎన్నేళ్లు ఉంటుంది?

ముప్పై దాటితే అయిపోతుందని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ 2024లో లార్డ్స్‌లో ఆఖరి టెస్టు ఆడేనాటికి 41 ఏళ్లవాడు, 188 టెస్టుల్లో 704 వికెట్లు తీశాడు. నా దృష్టిలో ఫాస్ట్ బౌలర్ కెరీర్ ఎంతకాలం సాగుతుందన్నది పదహారు నుంచి ఇరవై రెండేళ్ల మధ్యే తేలిపోతుంది. అది కూడా వాడి ప్రతిభను బట్టి కాదు, ఆ వయసులో వాడి చేత ఎన్ని బంతులు వేయించారన్న దాన్ని బట్టి.

నేనూ ఫాస్ట్ బౌలర్‌నే. లీగ్ స్థాయి దాటలేదు. ఆ రోజుల్లో పొద్దున అకాడమీ నెట్స్, మధ్యాహ్నం కాలేజీ మ్యాచ్, సాయంత్రం క్లబ్బు ప్రాక్టీసు. మూడు చోట్లా ముగ్గురు వేరే వేరే పెద్దవాళ్లు. ఎవరి లెక్కలో వాళ్లకు నేను వేసింది తక్కువే. మూడూ కలిపి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఒక లీగ్ మ్యాచ్‌లో మా సీనియర్ పేసర్ రాలేదు. కొత్త బంతి నాకిచ్చారు, మధ్యలోనూ నాకే ఇచ్చారు. పాత బంతి కొంచెం రివర్స్ (మామూలుకు వ్యతిరేక దిశలో స్వింగ్) అవుతోందని మళ్లీ నన్నే పిలిచారు. ఎడమ కాలు క్రీజులో పడిన ప్రతిసారీ నడుము ఎడమవైపు కింద సూది దిగినట్టుండేది. అప్పుడే కోచ్‌కి చెప్పాను. "ఒళ్లు వేడెక్కితే అదే పోతుంది, ఇంకో రెండు ఓవర్లు వెయ్యరా" అన్నారు. ఆయన మాట కాదనే వయసా అది? వేశాను, వికెట్ కూడా పడింది, అందరూ వచ్చి భుజం తట్టారు. మ్యాచ్ అయ్యాక బూట్ల లేసులు విప్పుకోవడానికి వంగలేకపోయాను. పక్కవాడు విప్పాడు.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కండరం పట్టేసిందని మందు రాసిచ్చారు. అదే నడుముతో సీజనంతా బౌలింగ్ చేయించారు. చివరికి ఇంకో డాక్టరు ఎంఆర్‌ఐ తీయిస్తే తెలిసింది, వెన్నెముక కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగులు అని. కుడిచేతి ఫాస్ట్ బౌలర్లకు ఇది ఎక్కువగా ఎడమవైపే వస్తుందట. ముందు కాలు నేలను తాకేటప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది, అదే క్షణంలో నడుము పక్కకు వంగి మెలి తిరుగుతుంది. ఆ వయసులో అక్కడి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. సెలక్షన్స్ పోయాయి. నొప్పి తగ్గింది కానీ ఆ వేగం మళ్లీ రాలేదు.

ఆస్ట్రేలియా పేసర్ పాట్ కమిన్స్‌ని చూడండి. 2011లో జొహానెస్‌బర్గ్‌లో 18 ఏళ్లకే తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. తర్వాతి టెస్టు 2017లో, రాంచీలో! ఐదేళ్లకు పైగా గాయాలతోనే పోయాయి. అయినా వెనక ఒక బోర్డు ఉంది, డాక్టర్లున్నారు, తొందరపెట్టకుండా ఆగారు కాబట్టి కెప్టెన్ దాకా వెళ్లాడు. లీగ్ కుర్రాడికి ఆ ఐదేళ్లు ఎవరిస్తారు?

అందుకే 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో బుమ్రా ఐదింటిలో మూడు టెస్టులే ఆడాడని ఆన్‌లైన్‌లో వెటకారాలు చూస్తే ఒళ్లు మండుతుంది. 2023లో అతని నడుముకి సర్జరీ అయింది. ఈ ఇంగ్లండ్ సిరీస్‌కు ముందు, 2024-25 ఆస్ట్రేలియా సిరీస్‌లో 150 ఓవర్లకు పైగా వేసి 32 వికెట్లు తీశాడు, సిడ్నీలో నడుము పట్టేసి ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతే పట్టలేకపోయాడు. ఇంకేం కావాలి మీకు? సిరాజ్ ఐదూ ఆడి 185 ఓవర్లకు పైగా వేశాడు కదా అంటారు. సిరాజ్‌కి చేతులెత్తి దండం పెడతాను. కానీ సిరాజ్ నడుము వేరు, బుమ్రా యాక్షన్ (బంతి వేసే తీరు) వేరు. "కపిల్ దేవ్ గాయం వల్ల ఒక్క టెస్టూ మానలేదు" అని మొదలుపెట్టేవాళ్లకూ ఇదే నా జవాబు. కోటికొకడిని చూపించి మిగతావాళ్లను తిట్టకండి.

యాక్షన్ మార్చేవాళ్లతో కూడా జాగ్రత్త. ఆండర్సన్‌కే చిన్న వయసులో యాక్షన్ మార్చారు. 2006లో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. మళ్లీ తన పాత పద్ధతికి వెళ్లాకే అన్ని వికెట్లు తీశాడు.

మీ అబ్బాయిని పంపండి. కాకపోతే ఒక నోటుబుక్కు పెట్టి వాడు వేసే ప్రతి బంతీ మీరే రాయండి, నెట్స్‌తో సహా. ఇంగ్లండ్ బోర్డు 13 ఏళ్లలోపు పిల్లలకు స్పెల్‌కు (ఆపకుండా వేసే ఒక్కో విడతకు) 5, రోజుకు 10 ఓవర్లని నియమం పెట్టింది. మీ వాడి వయసుకి అంతకంటే ఎక్కువే ఉంటుంది, కానీ దానికీ హద్దు ఉంది. వారంవారం ఆ లెక్క ఒక్కసారిగా పెరగకుండా చూడండి. వాడు కుడిచేత్తో వేస్తూ నడుము ఎడమవైపు నొప్పి అంటే ఆ రోజే ఆపించి, ఎక్స్‌రే బాగుందంటే సరిపెట్టుకోకుండా ఎంఆర్‌ఐ గురించి అడగండి. కోచ్ విసుక్కుంటే విసుక్కోనీయండి.