తోడబుట్టిన అన్నని కూడా ‘వాళ్ల మనిషి’ అంటున్నారు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయనకి జిరాక్స్ షాపు. ఎన్నికలన్నీ బూటకమనీ, మిషన్లలో ఫలితం ముందే ఎక్కించేస్తారనీ, మన బుర్రల్ని పైవాళ్లు నడిపిస్తున్నారనీ రాత్రి రెండింటిదాకా దుప్పట్లో ఫోను పెట్టుకుని వీడియోలు చూస్తున్నారు. పాతపట్నంలో టీచరుగా ఉన్న మా బావగారు 2024లో పోలింగు డ్యూటీ చేశారు. “నువ్వూ ఆ దొంగల్లో ఒకడివే” అనేశారీయన. అప్పట్నుంచి రాకపోకల్లేవు. కాదంటే నన్నూ అదే మాట అంటున్నారు. షాపూ సరిగా తెరవట్లేదు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ఆయన చెప్పేదంతా అబద్ధమని కొట్టిపారెయ్యకండి. 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల మీద సెన్సారు విధించింది ప్రభుత్వమే. 2018లో, జనం ఫేస్‌బుక్ వివరాలు రాజకీయ ప్రచారానికి వాడుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీ గుట్టు రట్టయినప్పుడు, 8.7 కోట్ల మంది దాకా వివరాలు చేతులు మారి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ఇవి మీరే ఆయనతో అనండి. “అది నిజమే” అన్న మాట మీ నోట విని ఆయనకి ఎన్నాళ్లయిందో! కాకపోతే ఆ కంపెనీ గుట్టు ఎలా బయటపడిందో కూడా చెప్పండి. లోపల పనిచేసినవాడు తన పేరుతో ముందుకొచ్చాడు, కాగితాలు చూపించాడు. అర్ధరాత్రి వీడియోలో ఊరుండదు, పేరుండదు. రుజువేదంటే “దాచేశారుగా, అదే రుజువు” అంటుంది. దానితో ఎవరూ వాదించి గెలవలేరు, మీరూ వాదించకండి.

ఆయన మనసు మెత్తబడితే అది మీ బావగారి వల్లే. ముందురాత్రి బడిలోనే పడుకుని తెల్లారకుండా లేచి చేసే డ్యూటీ అది. ఓటింగు మొదలవకముందే అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చేసే యంత్రం) చీటీలు లెక్కపెట్టి, మిషను అంకెతో సరిచూసి, అంతా చెరిపేసి సీలు వేస్తారు. పోలింగు ముగిశాక పడిన ఓట్లెన్నో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకి కాపీ ఇస్తారు. లెక్కింపు నాడు మిషను వేరే అంకె చూపిస్తే ఆ కాగితమే పట్టిస్తుంది. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో 5 బూతుల చీటీలు కూడా లెక్కపెడతారు. బావగారు తనని సమర్థించుకోనక్కర్లేదు. ఆ రోజు ఎలా గడిచిందో చెబితే చాలు. తెలియనిది అడిగితే తెలియదనమనండి. ఈయన ‘వాళ్లు, వాళ్లు’ అంటున్నది తోడబుట్టినవాణ్ణేనని అప్పుడైనా తడుతుంది.

వచ్చే ఎన్నికల్లో తనకి నచ్చిన అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చోమనండి. మనస్ఫూర్తిగానే అంటున్నాను, అనుమానం ఉన్నవాడే బాగా కనిపెడతాడు.

షాపు తాళాలు కొన్నాళ్లు మీరు తీసుకోండి. పొద్దున్నే మీరు షట్టరెత్తితే ఆయన వెనకే వస్తారని నా నమ్మకం. ఎవరో వెంటాడుతున్నారని భయపడినా, వరసగా రాత్రుళ్లు నిద్రపోకపోయినా మాత్రం ఆలస్యం చెయ్యకండి. ప్రభుత్వం నడిపే మానసిక సహాయ నంబరు 14416కి ఫోను చెయ్యండి, ఏ వేళైనా పలుకుతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. లేదా బరంపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకి చూపించండి.

ఈలోపు బావగారికి మీరే ఫోను చేసి, ఓట్ల ఊసెత్తకుండా, ఆదివారం భోజనానికి రమ్మనండి. పాతపట్నం ఎంత దూరమని!