సాగిపోతున్న పాలకూర, పచ్చబడ్డ నీళ్లు

ప్రశ్న: వెనక వసారాలో 200 లీటర్ల చేపల తొట్టి, ఆ నీళ్లతోనే ఆకుకూరలు పెంచేందుకు దానిపైన 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు కంకర మడి పెట్టాం. పాలకూర, తోటకూర సన్నగా సాగి వాలిపోతున్నాయి. తొట్టి నీళ్లు పచ్చబడ్డాయి. మొక్కల కోసం అమ్మే ఊదారంగు గ్రో లైటే కొనాలా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అక్కర్లేదండీ. మొక్కలు సాగుతున్నది వెలుగు చాలకే, దానికి మామూలు తెల్ల వెలుగు సరిపోతుంది. ఊదా వెలుగులో ఆకు పసుపెక్కినా, పేను పట్టినా కంటికి ఆనదు. నాలుగడుగుల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 20 వాట్లవి, ఆరు చాలు. ఆకుల కొసలకు అడుగు ఎత్తున కట్టండి. ఫోన్లో వెలుగును కొలిచే లక్స్ మీటర్ యాప్‌తో మడి మధ్యలోనూ మూలల్లోనూ చూడండి. 10,000 నుంచి 15,000 లక్స్ ఉండాలి. మూలల్లో తగ్గితే పక్కన తెల్ల థర్మాకోల్ అట్టలు నిలబెట్టండి.

టైమర్ 12 గంటలకు పెట్టండి; నెలకు 43 యూనిట్లు కాలుతుంది. పెరుగుతుంది కదా అని 14 గంటలు దాటిస్తే పాలకూర కాడ వేసి పూతకొస్తుంది. పైగా చేపలకూ చీకటి కావాలి. తోటకూర మాత్రం ఎండ మొక్క, దాన్ని మేడ మీదికి చేర్చడమే మేలు.

నీళ్లు పచ్చబడింది తొట్టిలో వెలుగు పడటం వల్ల. ఆ నాచు రాత్రి ఆక్సిజన్ లాగేస్తుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. తొట్టిని నల్ల గుడ్డతో చుట్టి, పైన సగానికి పైగా మూయండి. గాలి పంపు రాత్రంతా ఆడాలి.

ట్యూబు వైరు స్విచ్‌బోర్డు కన్నా కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడు చెమ్మ అక్కడే కారిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా మాత్రం నీళ్ల పక్కన దీపం వెలిగించొద్దు.