సంతకం పెట్టే ముందు ఆ పేరా చదువు

అమ్మలూ,

హాంబుర్గ్‌లో ప్రకటనల ఫొటోలు మానేసి, ఇక పిల్లల పుస్తకాలకే బొమ్మలు వేసుకుంటానన్నావు. మానేయకు తల్లీ. వారంలో రెండు రోజులు బొమ్మలకి తీసిపెట్టు, ప్రస్తుతానికి చాలు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసిన జర్మన్ చిత్రకారుడు వోల్ఫ్ ఎర్ల్‌బ్రుఖ్ అంతటివాడే ముందు ప్రకటనలకీ పత్రికలకీ వేసి బతికాడు. తొలి పిల్లల పుస్తకం 1985లో వచ్చేనాటికి ఆయనకి ముప్ఫై అయిదు దాటాయి. పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి, ఆండర్సన్ అవార్డు, 2006లో వచ్చింది.

స్టూడియో పని ఊరికే పోదు. బీరు గ్లాసు మీద చెమట కోసం నీళ్ళలో గ్లిజరిన్ కలిపి కొడతాం కదా, చుక్క జారకుండా నిలబడుతుంది. గ్లాసు వెనకాల వెండి కాగితం కత్తిరించి పెడితే లోపల దీపం పెట్టినట్టుంటుంది. వెలుగు ఎటునుంచి వస్తోందో ముందే తేల్చుకోవడం అక్కడే అబ్బుతుంది. నీ నక్కపిల్ల కథలో మూడో పేజీలో ఎండ ఎడమ నుంచి, నాలుగో పేజీలో నెత్తిమీంచి. గది అదే, కిటికీ అదే కదే!

పబ్లిషర్‌కి చూపించే ముందు తెల్లకాగితాలు మడిచి 32 పేజీల నమూనా కుట్టు. పేరుకీ వివరాలకీ పోగా పన్నెండో పద్నాలుగో జంటపేజీలు మిగులుతాయి. మొహం మడతలో పడిందంటే కుట్టు కన్ను మింగేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను కొలోన్ వచ్చిన కొత్తలో ఒక జున్ను కంపెనీకి కరపత్రం కోసమని ఫొటో తీశాను. ‘కాలపరిమితి లేకుండా, ఎక్కడైనా’ అన్న పేరా చదవకుండా సంతకం పెట్టేశాను. ఆ ఫొటో తొమ్మిదేళ్ళు డబ్బా మీదే ఉంది. ఒక్క పైసా అదనంగా రాలేదు. పైగా ఆ జున్ను నేనే కొనుక్కుని తిన్నాను! జర్మనీలో కాపీరైట్‌ని అమ్ముకోలేం, వాడుకునే హక్కు మాత్రమే ఇస్తాం. కాబట్టి ఎందుకు, ఏ దేశంలో, ఎన్నేళ్ళు, వాళ్ళకొక్కళ్ళకేనా అన్నవి రాయించుకో. పుస్తకానికైతే బొమ్మలు క్యాలెండర్ల మీద వేస్తే వాటా ఎంతో కూడా అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని నోరు కట్టేసుకోవడం మన ఇంటి జబ్బు.

కేఎస్‌కేకి, అదే కళాకారుల బీమాకి, ఈ నెలలోనే అర్జీ పెట్టు. పింఛనుకీ వైద్యానికీ కట్టేదాంట్లో సగమే నీది. ఏడాదికి 3,900 యూరోలకు పైన సంపాదన చూపాలి, మొదటి మూడేళ్ళు ఆ నిబంధన కూడా లేదు. ప్రకటనల ఫొటోలు కళ కింద లెక్కే, పెళ్ళిళ్ళవి కాదు. బాన్‌లోని వీజీ బిల్డ్-కున్స్ట్‌లోనూ, అదే చిత్రకారులకి హక్కుల డబ్బు వసూలు చేసి పంచే సంఘంలో, పేరు నమోదు చేయించుకో, లైబ్రరీల్లో పుస్తకం తిరిగినందుకు వచ్చే డబ్బు దాని ద్వారానే అందుతుంది.

వసంతంలో ఇటలీలోని బొలోన్యాకి, పిల్లల పుస్తకాల సంతకి వెళ్దాం. నమూనా కుట్టి పట్టుకురా. నక్కపిల్ల తోక కూడా మడతలో పడనీయకు.

మీ పెద్దమ్మ