రెస్ట్ తీసుకోమన్నది ఎవరు? ఈ నెల ఉత్తరాలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్క భయం చుట్టూనే తిరుగుతున్నాయి, జబ్బు వచ్చింది కదా ఇప్పుడు కదలొచ్చా వద్దా అని. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, రోజంతా ఈ భయంతోనే నా పని. అందుకే ఐదు ఉత్తరాలు తీసుకున్నా. పేర్లు వేయొద్దన్నారు, వయసులు మాత్రం ఇస్తున్నా.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, మందులు ఇప్పుడే వద్దు, రోజూ ముప్పావు గంట నడవండి అన్నారు. ఆఫీసు, ఇల్లు, పిల్లలు, ఇందులో ముప్పావు గంట ఎక్కడ దొరుకుతుంది మేడమ్? వారం చేసి మానేశాను. ఇంటి పనంతా నేనే చేస్తాను కదా, అది వ్యాయామం కిందకి రాదా?

జవాబు: వారం చేసి మానేశానని ఏదో తప్పు చేసినట్టు రాశారమ్మా, అలా అనుకోకండి. ముప్పావు గంట అని ఒకే ముద్దలా చెప్పేస్తే అంత టైం దొరకనివాళ్లు ఇక ఐదు నిమిషాలు కూడా చెయ్యరు, ఇది నేను ఎంతమందిలో చూశానో. ఇదివరకు కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అనేవాళ్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఆ షరతు తీసేసింది. వారం మొత్తం మీద 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు కష్టంతో కదలాలి, అంతే, దాన్ని ఎన్ని ముక్కలు చేసుకుంటారో మీ ఇష్టం. ఫోన్ మాట్లాడుతూ ఆరు నిమిషాలు, లిఫ్ట్ మానేసి మెట్లెక్కిన మూడు నిమిషాలు, అన్నీ ఖాతాలో పడతాయి.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్లకి ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది కానీ అది పిలిస్తే కండరం సరిగ్గా పలకదు, అందుకే తిన్న తర్వాత చక్కెర రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. కానీ అదే కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు కోసం చూడదు, తనకి కావాల్సిన చక్కెర తనే లాక్కుంటుంది. ఒంట్లో పెద్ద పెద్ద కండరాలన్నీ తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్నాయి, అందుకే నడక మీద ఇంత పట్టుబడతాం. కాబట్టి మీకు రోజులో పది నిమిషాలే దొరికితే అది భోజనం అయిన వెంటనే వాడండి, మూడు పూటలా పదేసి నిమిషాలు అయితే మరీ మంచిది. ఈ ప్రభావం ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా ఉండి తగ్గిపోతుంది, అందుకని వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వకండి. వారమంతా కూర్చుని ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడుస్తానంటే షుగర్ వరకు అంత లాభం రాదు.

ఇంటి పని సంగతి. దీనికి నేను చెప్పే పరీక్ష ఒకటే, పని చేస్తున్నప్పుడు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. వంగి లేచి గట్టిగా ఇల్లు తుడిచేటప్పుడు మీ ఊపిరి ఆ స్థాయికి వస్తే అది వ్యాయామమే, ధైర్యంగా లెక్కేసుకోండి. స్టవ్ ముందు గంట నిలబడి కాళ్లు పీకడం మాత్రం అలసటే, వ్యాయామం కాదు. ఆడవాళ్లు ఇక్కడే మోసపోతారు, రోజంతా అలసిపోతారు కాబట్టి ఒంటికి కదలిక సరిపోయిందనుకుంటారు. దీంతో పాటు వారానికి రెండు రోజులు కండరానికి బలం ఇచ్చే పని కూడా ఉండాలి, కుర్చీలోంచి లేవడం కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్స్, ఏదైనా సరే.

బార్డర్ దగ్గర ఆగడం సాధ్యమేనా అని మీరు అడగలేదు కానీ చెప్తాను. అమెరికాలో మీలాంటివాళ్లు 3,234 మందితో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల కదలిక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ జబ్బుగా మారడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రలు వేసుకున్న గుంపులో 31 శాతం. వాళ్లు తిండి కూడా మార్చుకున్నారు, కాబట్టి మొత్తం క్రెడిట్ నడక ఒక్కదానికే ఇవ్వను, అయినా మాత్ర కంటే ఎక్కువ పని చేసేది మీ చేతుల్లోనే ఉందని మీకు తెలియాలి.

ప్రశ్న: వయసు 39. వాచ్‌లో 10,000 అడుగులు ఎప్పటికీ రావట్లేదు, 5,000 దగ్గర ఆగిపోతున్నా. మరి ఇదంతా వేస్టేనా?

జవాబు: అస్సలు కాదు. ఆ పదివేల అంకె పరిశోధనలోంచి పుట్టింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు అది, 'మాన్పో-కేయ్' అంటే పదివేల అడుగుల మీటర్ అని అర్థం. పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలోనే మరణాలు బాగా తక్కువ కనిపించాయి, 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు. ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్నది కూడా అందులో కొంత ఉంటుందనుకోండి. మీ వయసు వేరు కాబట్టి ఆ అంకెలు మీకు అచ్చంగా అతకవు, ఈ వారం 5,000 ఉంటే వచ్చే వారం 5,500 చూడండి, అందులో కొన్ని నిమిషాలు వేగంగా నడవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68. నాలుగు నెలల కింద గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. అప్పటినుంచి ఆయన్ని మేం ఏ పనీ చెయ్యనివ్వట్లేదు, అన్నీ మంచం దగ్గరికే తెచ్చిస్తున్నాం. ఆయనకీ భయమే. ఈమధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందంటున్నారు. గుండె ఇంకా వీక్ అవుతోందా?

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది ఇదే. మా నాన్నకి గుండెపోటు వచ్చేనాటికి నేనింకా చదువుకుంటున్నాను, మేమూ మీలాగే ప్రేమకొద్దీ మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే ఇచ్చేవాళ్లం. రెండు నెలల తర్వాత ఒకరోజు బాత్రూంలోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయారు, 'గుండె పని అయిపోయిందమ్మా' అన్నారు. కూర్చోబెట్టి కాళ్లు ఒత్తుదామని పిక్క మీద చెయ్యి వేస్తే చేతికి ఎముకే తగిలింది, కండ ఏదీ. తర్వాత పరీక్ష చేస్తే గుండె పనితీరు డిశ్చార్జి నాటికంటే మెరుగ్గానే ఉంది. ఆయన్ని పడేసింది కాళ్లు, ఆ కాళ్లని అలా చేసింది మేము. నేను ఈ పనిలోకి రావడానికి సగం కారణం ఆ రోజే.

మీ నాన్నగారి ఆయాసం కూడా అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కొత్తగా వచ్చిన ఆయాసం కాబట్టి ఈ వారంలోనే కార్డియాలజిస్ట్‌కి చూపించండి, వాయిదా వెయ్యకండి, కూర్చున్నా పడుకున్నా కూడా ఆయాసం వస్తుంటే ఆ వారం కూడా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. గుండె వరకు ఫర్వాలేదంటే 'కార్డియాక్ రిహాబ్‌కి పంపిస్తారా' అని మీరే నోరు తెరిచి అడగండి, అంటే గుండె జబ్బు తర్వాత నిపుణుల కళ్లెదుట మెల్లమెల్లగా వ్యాయామం చేయించే కార్యక్రమం, చాలాచోట్ల అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ఒకప్పుడు గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. తర్వాత 1966లో డల్లస్‌లో ఒక ప్రయోగం చేశారు, ఇరవై ఏళ్ల ఆరోగ్యమైన కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్లయ్యాక ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి పరీక్షిస్తే, ముప్పై ఏళ్లు మీద పడి వాళ్ల ఒంటి సత్తువ తగ్గినదానికంటే అప్పటి మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువ అని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల సంగతే అలా ఉంటే నాలుగు నెలలుగా పడుకున్న 68 ఏళ్ల మనిషి సంగతి మీరే ఆలోచించండి.

డాక్టరు సరే అన్నాక ఇలా మొదలుపెట్టండి, చదునైన చోట ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు, మొదటి నిమిషం చివరి నిమిషం మరీ నెమ్మదిగా. పైన షుగర్ ఉత్తరానికి చెప్పినట్టు కాదు, గుండెపోటు వచ్చిన మనిషి కాబట్టి తిన్న వెంటనే వద్దు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే పల్స్ చూసి కష్టాన్ని అంచనా వెయ్యలేరు, ఎంత నడిచినా అది పెద్దగా పెరగదు, అందుకే మాట పరీక్షే నమ్మండి, మీతో మాట్లాడుతూ నడవగలిగితే చాలు. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆపెయ్యాలి, కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్. మొదటి పది రోజులు మీరు పక్కనే నడవండి బాబూ, భయం సంగతి రాశారు కదా, అది మాటలతో పోదు, పక్కన ఒక మనిషి ఉంటే పోతుంది.

ప్రశ్న: నాకు 61. ఎక్స్-రే చూసి మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. నడిస్తే మిగిలింది కూడా అరుగుతుందని మా ఇంటి చుట్టుపక్కల అందరూ అంటున్నారు. బీపీ కూడా ఉంది, దానికేమో నడవమంటారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మనం గుజ్జు అనేది ఒక మెత్తటి పొర, దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే ద్రవం నుంచే దానికి ఆహారం అందాలి, కాలు మీద బరువు పడి పొర నొక్కుకుని మళ్లీ వదులైనప్పుడు ఆ ద్రవం లోపలికీ బయటికీ తిరుగుతుంది. కదలకుండా కూర్చుంటే ఆ రాకపోకలు తగ్గుతాయి, పైగా మోకాలిని పట్టి ఉంచే తొడ ముందు కండరం సన్నబడి, ఉన్న భారమంతా కీలు మీదే పడుతుంది. ఎక్స్-రేలో ఎంత అరిగిందో అంత నొప్పి ఉండాలనీ లేదు, ఫిల్ముని చూసి భయపడకండి.

కదలని గట్టి కుర్చీ తీసుకుని గోడకి ఆనించండి, మీద దిండు వేసి ఎత్తు పెంచండి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి, మెల్లగా కూర్చోండి. ధబ్‌మని కూలబడొద్దు, మెల్లగా కూర్చునేటప్పుడు కూడా కండరం పని చేస్తుంది. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. ఐదుసార్లతో మొదలుపెట్టి వారాల మీద పదికి తీసుకెళ్లి, తర్వాత దిండు తీసెయ్యండి. చేసేటప్పుడు ఓర్చుకోగలిగే నొప్పి ఉండొచ్చు, మర్నాటికి అది మామూలు స్థాయికి వచ్చేస్తే మోతాదు సరిపోయినట్టు, రాకపోతే తగ్గించండి, మానెయ్యకండి. కీలు ఉన్నట్టుండి వాచి వేడెక్కినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. బీపీ కోసం నడక కూడా దీంతోపాటే, క్రమం తప్పకుండా చేస్తే పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గొచ్చు, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రశ్న: 58 ఏళ్లు, షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర, రాత్రి ఇన్సులిన్. పొద్దున్నే పరగడుపున నడుస్తుంటే చెమటలు, వణుకు. నడక నాకు పడదేమో?

జవాబు: నడక పడకపోవడం కాదండీ, షుగర్ పడిపోతున్నట్టుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఇలా అరుదు, కానీ ఇన్సులిన్‌కీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలకీ నడక తోడైతే షుగర్ బాగా దిగొచ్చు. బయల్దేరే ముందు మీటర్‌లో చూసుకోండి, 90 కంటే తక్కువుంటే ఏదైనా కాస్త తిని వెళ్లండి. 250 దాటి, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చే ఆమ్లాలు) కూడా ఉంటే ఆ రోజు వద్దు. జేబులో గ్లూకోజ్ ఎప్పుడూ ఉండాలి, వణుకు మొదలైతే ఆగి 15 గ్రాములు తీసుకుని పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి. గట్టిగా శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా దిగొచ్చు, ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి. రెండు వారాల అంకెలు కాగితం మీద రాసి మీ డాక్టర్‌కి చూపిస్తే డోసు ఆయన సర్దుతారు, మీరు సర్దొద్దు.

షుగర్ వల్ల కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నాయని ఎప్పుడైనా చెప్పి ఉంటే బరువులెత్తే ముందు కంటి డాక్టర్‌ని అడగండి. ఇంకొకటి, పాదాలు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బూటు విప్పితే లోపల చొక్కా బొత్తాం ఉంది, మడమ మీద దాని అచ్చు పుండుగా పడి ఉంది, పొద్దుటినుంచి దాని మీదే నడిచారు, ఆయనకి ఏమీ తెలియలేదు. మీరు బూట్లు వేసుకునే ముందు లోపల వేళ్ల చివరి దాకా చెయ్యి పెట్టి తడిమి చూడండి, వచ్చాక అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోండి, రోజూ.