సైప్రస్‌లో కార్డు మెషీన్ రూపాయలా అని అడిగితే, యూరో అనే నొక్కండి

మాస్టారూ, మీ ఉత్తరం చదివాను. సైప్రస్‌లోని లిమసోల్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి దగ్గరికి మేడమ్ గారూ మీరూ పన్నెండు రోజులు వెళ్తున్నారు, పైఖర్చులకి రెండు లక్షలు అనుకున్నారు, ఆ మొత్తం యూరో నోట్లు కొనుక్కెళ్ళాలా, ఉన్న డెబిట్ కార్డు చాలా, యూపీఐ నడుస్తుందా అని అడిగారు.

నోట్లన్నీ జేబులో వేసుకుని తిరగడం వద్దండి. ఒక మూడొందల యూరోలు చాలు, అవీ పదులూ ఇరవైలే అడిగి తీసుకోండి, బస్సుకీ చిన్న కొట్లకీ పనికొస్తాయి. పాస్‌పోర్టు, పాన్, టికెట్ పట్టుకెళ్ళి గుంటూరులోనే కొనండి, ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో రేటు దారుణంగా ఉంటుంది.

మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ డబ్బు నింపి పెట్టుకునే కార్డులో వేయించండి, కానీ యూరోల్లోనే వేయమని గట్టిగా చెప్పండి, డాలర్లలో వేస్తే అక్కడ ప్రతి బిల్లుకీ డాలర్లని యూరోల్లోకి మార్చినందుకు క్రాస్ కరెన్సీ ఛార్జీ పడుతుంది. మామూలు డెబిట్ కార్డయితే చాలా బ్యాంకులు కరెన్సీ మార్చినందుకు మార్కప్ అని 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి, అంటే లక్ష గీకితే 4,130 రూపాయలు ఊరికే పోయినట్టే. టీసీఎస్, అంటే విదేశీ ఖర్చుకి డబ్బు మార్చేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, దాని భయం అక్కర్లేదు, ఏడాదికి 10 లక్షలు దాటితేనే అది.

నాకు అసలు భయం వేరే ఉంది. హోటల్లో 60 యూరోల బిల్లు అయిందనుకోండి, మెషీన్‌లో కార్డు పెట్టగానే స్క్రీన్ మీద రెండు లైన్లు వస్తాయి, ఒకటి యూరోల్లో, ఇంకోటి రూపాయల్లో. రూపాయల లెక్క కనపడగానే మనకి ప్రాణం లేచొచ్చి అదే నొక్కేస్తాం, ఆ రేటులో మెషీన్ నడిపేవాళ్ళ లాభం కలిపేసి ఉంటుంది, పైగా మన బ్యాంకు కూడా దాని మీద ఛార్జీ వేయొచ్చు. అందుకే ఎప్పుడైనా సరే యూరోయే. వెయిటర్ తనే నొక్కేస్తే మొహమాటపడకుండా క్యాన్సిల్ చేసి మళ్ళీ పెట్టమనండి. ఏటీఎమ్‌లో కూడా కన్వర్షన్ కావాలా అంటుంది, వద్దనే నొక్కండి, టూరిస్టు వీధుల్లో విడిగా నిలబెట్టిన మెషీన్ల జోలికి పోకుండా బ్యాంకు గోడకున్న ఏటీఎమ్ వెతుక్కోండి.

కారు అద్దెకి తీసుకునేట్టయితే నడిపేవాళ్ళ పేరు మీద క్రెడిట్ కార్డు ఉండాలి, డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డుని చాలాచోట్ల ఒప్పుకోరు. ఆ క్రెడిట్ కార్డుతో ఏటీఎమ్‌లో డబ్బు మాత్రం తీయకండి, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. యూపీఐ తెస్తామని 2025లో రెండు దేశాల మధ్య మాటయితే అయింది గానీ దాన్ని నమ్ముకుని విమానం ఎక్కొద్దు.

ఇంకోటి, సైప్రస్ రెండుగా చీలి ఉంది, రాజధాని నికోసియాలో లెడ్రా వీధి చెక్‌పోస్టు దాటితే టర్కీ వాళ్ళ అధీనంలోని ఉత్తరం వైపు, అక్కడ టర్కీ లీరా. యూరోలు చాలా కొట్లలో తీసుకుంటారు గానీ చిల్లర లీరాల్లో ఇస్తారు, యూరో కార్డు గీకితే మళ్ళీ క్రాస్ కరెన్సీ, అందుకే ఆ పూటకి చిన్న నోట్లే మేలు. దక్షిణం వైపు తీసుకున్న కారు ఇన్సూరెన్స్ అటు చెల్లదు, కార్లు దాటే చెక్‌పోస్టు దగ్గర వేరేగా కట్టాలి.

2013లో అక్కడ బ్యాంకులు మూసేశారట కదా అని కూడా రాశారు. నిజమే, మార్చిలో దాదాపు రెండు వారాలు మూశారు, తెరిచాక రోజుకి 300 యూరోలే ఇచ్చారు, కానీ ఆ ఆంక్షలన్నీ 2015లోనే ఎత్తేశారు, దానికోసం నోట్లు మోసుకెళ్ళక్కర్లేదు.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, రెండు కార్డులూ ఒకే పర్సులో కాకుండా ఒకటి మేడమ్ గారి దగ్గర ఉంచండి. మిగిలిన యూరోలు, ముఖ్యంగా నాణేలు, అమ్మాయికే ఇచ్చేసి రండి, నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు.