పార్క్ సిటీలో మంచు లేనప్పుడు చూడడానికి ఏముంటుంది?

సాల్ట్ లేక్ ప్రాంతానికి కొత్తగా వచ్చామని, సెప్టెంబరులో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారని, స్కీయింగ్ ఎవరికీ రాదని రాశారు. మంచు కూడా లేని రోజుల్లో పార్క్ సిటీకి వెళ్ళడం దండగేమోనని అడిగారు. దండగ కాదండి. యూటాలోని ఆ ఊరు ఒకప్పుడు వెండిగనుల ఊరు. నన్ను అడిగితే దాన్ని మంచు లేనప్పుడే చూడాలి. మంచు పడ్డాక ఆ కొండల మీద స్కీ రిసార్టు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు.

నేను ఇల్లందులో పుట్టాను. మా నాన్న భూగర్భ బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. గని ఊరికి వెళ్తే మొదట శ్మశానం చూడాలి, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాతే బజారు. ఏ దేశంలోని గని ఊరికైనా ఇదే వరుస.

పార్క్ సిటీలో గ్లెన్‌వుడ్ శ్మశానం రిసార్టుకు దగ్గరలోనే ఉంది. 1885లో అక్కడి సోదర సంఘాలు దాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. అయినవాళ్ళు లేని పరాయి దేశంలో గని పనివాడు చనిపోతే మర్యాదగా సాగనంపే బాధ్యత ఆ సంఘాలదే. సమాధి రాళ్ళ మీద పుట్టిన ఊళ్ళు, పోయిన వయసులు చదవండి. 1902 జూలైలో డేలీ వెస్ట్ గనిలో, 1200 అడుగుల లోతు స్థాయిలో నిల్వ చేసిన పేలుడు మందు అంటుకుని 34 మంది చనిపోయారు. దాని వెంట వచ్చిన విషవాయువు సొరంగాల గుండా పక్కనున్న ఆంటారియో గనిలోకి పాకి అక్కడివాళ్ళనూ చంపింది. ఆ ఆంటారియో గనినే 1872లో జార్జ్ హర్స్ట్ 27,000 డాలర్లకు కొన్నాడు. అందులోంచి కోట్ల డాలర్ల వెండి తీశారు. తర్వాత పత్రికల సామ్రాజ్యం కట్టిన విలియం రాండాల్ఫ్ హర్స్ట్ ఆయన కొడుకే. పర్యాటకుల పుస్తకాల్లో హర్స్ట్ కథ పెద్దగా ఉంటుంది, ఆ 34 మందికి ఒక వాక్యం దక్కుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆసుపత్రి అన్నాను కదా. 1904 నాటి మైనర్స్ హాస్పిటల్ భవనం ఇప్పటికీ ఉంది. దాన్ని 1979లో ఉన్నచోటు నుంచి ఎత్తి తెచ్చి సిటీ పార్కులో నిలిపారు. ఆ ఆసుపత్రి రాకముందు దెబ్బ తగిలినవాణ్ణి 30 మైళ్ళ దూరంలోని సాల్ట్ లేక్ సిటీకి తీసుకువెళ్ళవలసి వచ్చేది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి నిదానంగా చంపే జబ్బు అక్కడ ఇంటింటా ఉండేది. మా నాన్నను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఆయన ఆ భవనం ముందు చాలాసేపు నిలబడ్డారు, ఏమీ అనలేదు. ఆయన స్నేహితుల్లో దగ్గుతో పోయినవాళ్ళు ఎందరో నాకు తెలుసు కాబట్టి నేనూ అడగలేదు.

ఇక మ్యూజియం. మెయిన్ స్ట్రీట్‌లో పాత సిటీ హాలు భవనంలో ఉంది. నేలమాళిగలో పాత జైలు గదులున్నాయి, పిల్లలుంటే వాళ్ళకు అవి నచ్చుతాయి. మీ నాన్నగారిని మాత్రం నేరుగా సొరంగ రైలు పెట్టె దగ్గరికి తీసుకువెళ్ళండి. 1965లో స్కీ చేసేవాళ్ళను స్పైరో సొరంగంలోకి గని రైలులో దాదాపు మూడు మైళ్ళు తీసుకువెళ్ళి, అక్కడి నుంచి థేన్స్ షాఫ్టులో, అంటే నిలువు గని బావిలో, 1,750 అడుగులు పైకి లాగి కొండ మీద వదిలేవారు. పైనుంచి నీళ్ళు కారేవి, ప్రయాణం నెమ్మది. కొన్నేళ్ళకే ఆపేశారు.

ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే నాన్న ఆ పెట్టె అంచు మీద చెయ్యి వేసి నిమురుతున్నారు. "గనిలోకి దిగడానికి వీళ్ళు ఎదురు డబ్బిచ్చారా?" అని అడిగారు. ఇచ్చారన్నాను. అప్పుడు పక్కనే ఉన్న వాలంటీరు, బాగా పెద్దాయన, మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చారు. యువకుడిగా ఉన్నప్పుడు ఆ కొండ లోపల పనిచేశారట. నాన్న కూడా గని మనిషేనని చెప్పాను. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకు తెలుగు అసలే రాదు. నాన్న పిడికిలితో ఆ పెట్టె మీద మూడుసార్లు కొట్టారు. ఆ పెద్దాయన వెంటనే తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత నాన్నను చూపించారు. గనిలో మూడుసార్లు గంట కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం, జాగ్రత్తగా నడపమని హాయిస్టు (షాఫ్టులో పైకీ కిందికీ లాగే యంత్రం) నడిపేవాడికి చెప్పడం. నాన్న ఒకటి కొట్టారు, ఆయన అరచెయ్యి పైకెత్తారు. రెండు కొట్టారు, కిందికి దించారు. బొగ్గయినా వెండి అయినా, అప్పటి ఖమ్మం జిల్లా అయినా యూటా అయినా అదే లెక్క. అక్కడి నుంచి ఇద్దరూ నన్ను మరచిపోయారు. కప్పు కూలే ముందు చప్పుడు ఎలా ఉంటుందో, దీపం ఎక్కడ తగిలించుకునేవారో చేతులతోనే చెప్పుకున్నారు. నేను దుబాసీగా నిలబడ్డాను కానీ నా అవసరం పెద్దగా రాలేదు.

ఆ రాత్రి అక్కడే ఉండి భోజనం చేశాం. పది గంటలకు ఆ పాత సిటీ హాలు గోపురం నుంచి సైరన్ మోగింది. ఇప్పటికీ రోజూ మోగిస్తారు. నాన్న అలవాటు ప్రకారం గడియారం చూసుకున్నారు. సైరన్ కోసమైనా పది దాకా ఉండమని మీకు చెబుతున్నాను.

స్కీయింగ్ వచ్చి చచ్చిపోతున్న గని ఊరిని కాపాడిందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. 1963లో అక్కడ స్కీ రిసార్టు తెరిచింది గని కంపెనీయే. వెండి ధర పడిపోయాక ఆ కంపెనీ చేతిలో మిగిలినది కొండ, సొరంగం, షాఫ్టు. సమాఖ్య ప్రభుత్వం దగ్గర అప్పు తెచ్చి అక్కడే రిసార్టు కట్టింది. అప్పట్లో స్కీ వాలులు కూడా గని సొత్తే. స్పైరో, జడ్జ్ సొరంగాల నీళ్ళను శుద్ధి చేసి నేటికీ ఊరు తాగుతోంది. ప్రాస్పెక్టర్ అనే పేట ముడిరాయి మిల్లు వ్యర్థాల మీదే లేచింది, మట్టిలో సీసం ఉంటుంది కాబట్టి పైన శుభ్రమైన మట్టి కప్పి ఉంచాలని నిబంధన. గని పోయిందనడం ఎలా కుదురుతుంది?

పార్కింగు గురించి కూడా చెప్పాలి. మెయిన్ స్ట్రీట్ వెనక చైనా బ్రిడ్జ్ అని పార్కింగు భవనం ఉంది. గనుల్లోకి రానివ్వని చైనీయులు అక్కడ బట్టలు ఉతుకుతూ, వంట చేస్తూ బతికారు. వాళ్ళ పేటలో అడుగు పెట్టకుండా దాటిపోవడానికి మిగతావాళ్ళు కట్టుకున్న వంతెన పేరు అది. 1898 జూన్‌లో దాదాపు 200 భవనాలు కాలిన మంటల్లో పేటా, వంతెనా రెండూ పోయాయి. ఇప్పుడు జనం అక్కడ కారు పెట్టి కాఫీకి వెళ్తారు. మనవాళ్ళూ అంతే, రిసార్టు బోర్డు దగ్గర ఫోటో దిగి తిరిగి వచ్చేస్తారు. యూటాలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, మనలో సింగరేణి పిల్లలూ ఉన్నారు, కోలార్ బంగారు గనుల కుటుంబాలవాళ్ళూ ఉండవచ్చు. మనకు తెలిసిన కథ కదా ఇది!

నాన్న పనిచేసిన గని దగ్గర ఇప్పుడు చూడడానికి ఏమీ లేదు. ఆయన బొగ్గు ఎత్తిపోసిన తట్టా చెమ్మస్ (పార) ఎక్కడుందో నాకు తెలియదు. ఆ మ్యూజియం నుంచి వచ్చిన తర్వాత ఆయన మాటలను ఫోనులో రికార్డు చేస్తున్నాను. మీ నాన్నగారు ఏ పని చేసినా సరే, మీరూ చేయండి.

సెప్టెంబరు అన్నారు కాబట్టి మొదటి సోమవారం, లేబర్ డే నాడు వెళ్ళండి. ఆ రోజు మైనర్స్ డే జరుపుతారు. పాతకాలంలోలాగా రాతిని తొలిచే పోటీ, ముడిరాయిని పారతో ఎత్తిపోసే పోటీ ఉంటాయి. ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. పెద్దవాళ్ళకు ఆయాసం వస్తుంది, నీళ్ళు తాగిస్తూ ఉండండి. కారు దూరంగా పెట్టి ఊరి బస్సు ఎక్కండి, టికెట్టు లేదు. కొండ ఎక్కే ఓపిక లేకపోతే కింది నుంచే టౌన్ లిఫ్ట్ అనే స్కీ లిఫ్టు వైపు చూడండి. లిఫ్టు దారిలోనే 1901 నాటి సిల్వర్ కింగ్ గని రోప్‌వే స్తంభాలు నిలబడి ఉన్నాయి. కార్మిక నాయకుడు, పాటలు కట్టిన జో హిల్ 1913లో పనిచేసింది ఆ గనిలోనే. మ్యూజియంలో వాలంటీర్లు ఖాళీగా కనబడితే, నాన్నగారిని వాళ్ళ దగ్గర వదిలి మీరు కాసేపు పక్కకు వెళ్ళండి.