గిటార్‌తో పాటు ‘గుయ్’మనే శబ్దం రికార్డవుతోందా? ఇంటర్‌ఫేస్ మార్చే ముందు ఎర్తింగ్ చూడండి

మీరు చెప్పిన ఇబ్బందులు రెండు. ల్యాప్‌టాప్‌లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డ్ చేస్తుంటే వెనకాల ఆగకుండా గుయ్‌మంటోంది. పైగా తీగ మీటిన కాసేపటికి గానీ హెడ్‌ఫోన్స్‌లో వినపడటం లేదు. గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్, మార్చేయాలా అని అడిగారు. అప్పుడే డబ్బు పెట్టకండి. గుంటూరు బ్రాడీపేటలో పాత డాబా ఇంట్లో ఉన్నప్పుడు నాకూ ఈ రెండూ ఎదురయ్యాయి. కేబుల్ మార్చాను, గిటార్ విప్పించాను, రెండు వారాలు తిరిగాక తేలిందేమిటంటే తప్పు ఇంటి వైరింగ్‌లో ఉంది.

ముందు గిటార్ మీద వాల్యూమ్ నాబ్ పూర్తిగా తగ్గించి వినండి. శబ్దం పోతే అది పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వస్తోంది. సింగిల్ కాయిల్ పికప్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది అయితే కుర్చీలో కూర్చునే మెల్లగా తిరగండి. ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ వినిపిస్తుంది. తక్కువ ఉన్న వైపు కూర్చుని వాయించుకోవడమే మార్గం. వాల్యూమ్ తగ్గించినా శబ్దం అలాగే ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి, బ్యాటరీ మీద నడపండి.

నాకు చార్జర్ తీయగానే ఠక్కున ఆగింది. మళ్ళీ పెడితే మళ్ళీ వచ్చింది. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ మూత మీద వేలి కొస మెల్లగా జరిపితే జివ్వుమని సన్నగా తగిలేది. చార్జర్‌కి మూడు పిన్నులున్నాయి, గోడలో సాకెట్‌కీ మూడు రంధ్రాలున్నాయి. కానీ ఎలక్ట్రీషియన్ వచ్చి హోల్డర్‌కి బల్బు తగిలించి చూస్తే, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య బాగా వెలిగింది, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే తీగ కూడా ఎర్రబడలేదు. ఈ పరీక్ష మీరు చేయకండి, ఆయన చేతే చేయించండి. పెరట్లో ఎర్త్ గొయ్యి తవ్వి చూస్తే, పైపు దగ్గర వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. కొత్త వైరు బిగించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చారు. ఎండాకాలం వారానికోసారి అందులో బిందెడు నీళ్ళు పోయమన్నారు. మన నల్లరేగడి మేలో ఎండి బీటలు వారుతుంది కదా, మట్టి పొడిబారితే ఎర్త్ సరిగా పట్టదు. ఆ రోజు సాయంత్రం చార్జర్ పెట్టుకునే రికార్డ్ చేశాను, శబ్దం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎర్త్ పిన్ను కోసేస్తే శబ్దం పోతుందని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. మీరు పట్టుకునేది ఇనుప తీగలు. ఎక్కడైనా కరెంటు లీకైతే అది మీ ఒంట్లోంచే వెళ్తుంది.

ఫ్యాన్ కూడా ఒక కారణం కావచ్చు. నాబ్ తిప్పుతూ ఎంతకైనా తగ్గించుకునే డిమ్మర్ రకం రెగ్యులేటర్ ఉంటే, స్పీడు తగ్గించినప్పుడు జర్రుమనే శబ్దం పికప్‌లోకి వస్తుంది. గుంటూరు ఎండల్లో ఫ్యాన్ ఆపమని చెప్పలేను, ఫుల్‌లో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం నేను రికార్డింగ్ పెట్టుకోను.

శబ్దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసేద్దామనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ కూడా ఆ గుయ్‌లో ఉంటుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ జి స్వరం 98 హెర్ట్జ్. అంటే శబ్దాన్ని కోస్తే దాంతో పాటు మీ గిటార్ కింది స్వరాల నిండుదనమూ పోతుంది.

ఇక ఆలస్యం సంగతి. విండోస్ అయితే మీ ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఆసియో (ASIO) డ్రైవర్, అంటే ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్, వేసుకుని, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్నే ఎంచుకోండి. తర్వాత బఫర్ సైజు, అంటే ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో పోగేసుకుని పంపే శబ్దం ముక్క ఎంతో చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్ళ (శబ్దం కొలతల) రేటులో 512 శాంపిళ్ళంటే 11.6 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే 23 దాటుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకన్‌లో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది, కాబట్టి ఆంప్‌ని (గిటార్ స్పీకర్‌ని) ఎనిమిది మీటర్ల దూరంలో పెట్టి వాయిస్తున్నట్టే. 128కి తగ్గిస్తే ఒక్కోటి 2.9 మిల్లీసెకన్లే. అప్పుడు చిటపటలు వస్తే వైఫై ఆపి, బ్రౌజర్ మూసేసి, పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. యూఎస్‌బీ హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. అప్పటికీ ఆగకపోతే 256 పెట్టుకోండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే ఆలస్యం బాధే ఉండదు, కాకపోతే అందులో సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులు లేని ఉత్త గిటారే వినపడుతుంది.

గిటార్ గుచ్చిన చోట ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ వేశారో లేదో కూడా చూసుకోండి. లైన్‌లో ఉంటే శబ్దం పలచగా, కళ లేకుండా వస్తుంది. దాన్ని సరిచేయాలని గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచితే గుయ్ కూడా పెరుగుతుంది. గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి, 24 బిట్ రికార్డింగ్‌లో అది చాలు.

ఈ రాత్రికి చార్జర్ పరీక్ష ఒక్కటి చేసి, ఏమైందో రాయండి. గిటార్‌లో ఉన్నది సింగిల్ కాయిలా, రెండు చుట్టలుండే హంబకరా అనేది కూడా చెబితే తర్వాత ఏం చూడాలో చెబుతాను.